బెనిఫిట్స్ వచ్చే కుటుంబానికి ఇల్లు బాడుగకు ఇవ్వొచ్చా? (ఇంగ్లండ్)

తుంగభద్ర — 18 నవంబర్ 2025, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. నేనుండేది రెడింగ్‌లో. 2021లో ఈశాన్య ఇంగ్లండ్‌లో రెండు బెడ్రూముల టెర్రస్ ఇల్లు ఒకటి కొన్నాను. ఇన్నాళ్ళూ అందులో వయసు మళ్ళిన భార్యాభర్తలు ఉన్నారు, పోయిన నెల కూతురి దగ్గరికి వెళ్ళిపోయారు. ఇప్పుడు ఖాళీ. బాడుగ నెలకు 550 పౌండ్లు అడుగుతున్నాను.

చూడ్డానికి వచ్చినవాళ్ళలో ఒకామె నాకూ మా ఇంట్లోవాళ్ళకూ బాగా నచ్చింది. ఏడేళ్ళ పాప, నాలుగేళ్ళ బాబు. కేర్ హోమ్‌లో వారానికి 20 గంటల పని. మిగతాది యూనివర్సల్ క్రెడిట్, అంటే ఆదాయం తక్కువున్నవాళ్ళకు ప్రభుత్వం ఇచ్చే సాయం. ఇలాంటివాటినే ఇక్కడ బెనిఫిట్స్ అంటారు. ఫోన్లో మొదటి మాటే, "నాకు యూనివర్సల్ క్రెడిట్ వస్తుంది. మీకు పరవాలేదంటేనే ఇల్లు చూడ్డానికి వస్తాను" అంది. అంటే ఎన్నిచోట్ల కాదనిపించుకుని ఉంటుందో.

ఏజెంటు మాత్రం "అలాంటివాళ్ళు వద్దు, జీతగాళ్ళనే చూద్దాం" అంటున్నాడు. ఇంట్లోవాళ్ళు ఆమెకే ఇమ్మంటున్నారు. నా భయం నాది. మార్ట్‌గేజ్ నెలకు 310 కట్టాలి. ఆదోనిలో అమ్మానాన్నల మందులకు పంపేది కూడా ఈ బాడుగలోంచే. రెండు నెలలు డబ్బు రాకపోతే నా చేతిలోంచి పెట్టుకోవాల్సిందే.

ప్రభుత్వం ఇచ్చే ఇంటి డబ్బు నాకు వస్తుందా, ఆమెకు వస్తుందా? ఆమె కట్టకపోతే నాకు దారేంటి? అసలు "బెనిఫిట్స్ వాళ్ళు వద్దు" అనడం చట్టప్రకారం సరేనా? అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి.


కాకతీయ_తోరణం — 18 నవంబర్, రాత్రి 10:15

అన్నా, నా మాటిను. ఇయ్యకు.

నేను 2022ల స్టోక్ దిక్కు ఒక ఇల్లు గిట్లనే కిరాయికిచ్చిన. ఒక్కడే మనిషి, మంచిగ మాట్లాడిండు. మొదటి మూడు నెలలు కట్టిండు. నాలుగో నెల సంది బంద్. పైసలు ఆయన ఖాతాల పడుతనే ఉన్నయి, నాకు మాత్రం వస్తలేవు. ఫోన్ ఎత్తడు. నేను బెనిఫిట్ ఆఫీసుకు ఫోన్ చేసి అడిగితే, కిరాయిదారు ఒప్పుకుంటెనే ఆయన సంగతి మీకు చెప్తమన్నరు. ఇల్లు ఖాళీ చేపిచ్చుడుకు ఎనిమిది నెలలు వట్టింది. 3,400 పౌండ్లు మునిగిన. కోర్టు ఖర్చు, మళ్ళ రంగులేపిచ్చుడు అది వేరే.

నాకు ఆ మనిషి మీద కోపం లేదు. కానీ నా పిల్లల పైసలు పోయినయి. నువ్వు గా తప్పు చెయ్యకు.


గోదారి_గట్టు — 18 నవంబర్, రాత్రి 11:02

కాకతీయ గారూ, మీకు జరిగింది చాలా కష్టమండి. ఒక్క మాట అడుగుతాను, ఏమీ అనుకోకండి. డైరెక్ట్ పేమెంట్‌కి, అంటే ఇంటి డబ్బు నేరుగా మీకే రావడానికి, ఎన్నో నెలలో అప్లై చేశారు?


కాకతీయ_తోరణం — 18 నవంబర్, రాత్రి 11:10

ఏడో నెలల. అప్పటిదాంక గట్లొకటి ఉన్నదనే నాకెర్కలేదు. ఎవ్వలూ చెప్పలే.


గోదారి_గట్టు — 19 నవంబర్, ఉదయం 7:25

అదేనండీ అసలు సంగతి. మనలో చాలామందికి ఈ పద్ధతి తెలియదు. తెలిసే అవకాశమూ లేదు. మనం వచ్చిన వీసా మీదే "పబ్లిక్ ఫండ్స్ వర్తించవు" అని రాసి ఉంటుంది. పదేళ్ళు ఇక్కడ పన్ను కట్టినా, బెనిఫిట్ ఆఫీసు గుమ్మం ఎలా ఉంటుందో చూడకుండానే ఇల్లు కొని ల్యాండ్‌లార్డ్ అయిపోతాం. నాకు 2009 నుంచి బోల్టన్‌లో ఇళ్ళున్నాయి, ఇప్పుడు మూడు. మూడింట్లోనూ ఏదో ఒక సమయంలో బెనిఫిట్ వచ్చేవాళ్ళే ఉన్నారు. అందుకని కొంచెం పెద్దగా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

నేను మొదలుపెట్టినప్పుడు హౌసింగ్ బెనిఫిట్ (అద్దెకు సాయం) స్థానిక కౌన్సిల్ ఇచ్చేది. అప్పటికి ఏడాది ముందే, 2008 ఏప్రిల్‌లో, ప్రైవేటు ఇళ్ళకు లోకల్ హౌసింగ్ అలవెన్స్ అని తెచ్చారు. దాన్నే ఎల్‌హెచ్‌ఏ అంటాం. మీ ఏరియాలో ఇన్ని బెడ్రూములకు ఇంత వరకే ఇస్తాం, ఆపైన మీరు చూసుకోండి అనేది దాని అర్థం. మొదట్లో ఆ రేటు ఏరియాలోని అద్దెల మధ్యస్థంగా ఉండేది. 2011లో దించేశారు. ఇప్పుడు ఆ ఏరియా అద్దెలన్నీ తక్కువ నుంచి ఎక్కువకు వరసగా పేరిస్తే, వందలో ముప్ఫయ్యో ఇంటి అద్దె ఎంతో అంత. పోనీ ఏటా అలాగైనా సవరిస్తారా అంటే అదీ లేదు. 2016 నుంచి నాలుగేళ్ళు కదిలించలేదు. 2020లో సరిచేసి మళ్ళీ 2024 దాకా ఆపేశారు. 2024 ఏప్రిల్‌లో పెంచారు, 2025లో ముట్టుకోలేదు. అద్దెలేమో ఆగవు కదండీ. మనకొచ్చే చిక్కంతా ఈ తేడా దగ్గరే.

ఇక 2013 నుంచి యూనివర్సల్ క్రెడిట్ వచ్చింది. ఇంటి డబ్బు, పిల్లల డబ్బు, బతుకుతెరువు డబ్బు అన్నీ కలిపి నెలకోసారి టెనెంట్ ఖాతాలోకే వేస్తారు. అందులోంచి ఆవిడ మీకు అద్దె కట్టాలి. పెన్షన్ వయసు దాటినవాళ్ళకు మాత్రం ఇంకా పాత హౌసింగ్ బెనిఫిట్టే, కౌన్సిల్ నుంచి.

కట్టకపోతే ఏంటి అన్నారు. రెండు నెలల అద్దె బాకీ పడితే, ఇంటి భాగం నేరుగా మీ ఖాతాకే వచ్చేలా మీరు అప్లై చేసుకోవచ్చు. ఆన్‌లైన్లో ఫారం ఉంది. బాకీ కూడా కొద్దికొద్దిగా కోసి ఇమ్మని అందులోనే అడగొచ్చు. టెనెంట్‌కు అప్పుల బాధో, ఇల్లు లేక తిరిగిన గతమో, డబ్బు చూసుకోలేని ఇబ్బందో ఉంటే బాకీ పడకముందే అడగొచ్చు. టెనెంట్ తానే తన ఆన్‌లైన్ జర్నల్లో అడిగితే మరీ మంచిది. నేను తాళాలిచ్చిన రోజే చెప్పేస్తాను: "అమ్మా, ఒక్క నెల ఆలస్యమైతే మాట్లాడుకుందాం. రెండో నెల పడితే నేను ఫారం నింపుతాను, అది కోపంతో కాదు." ఆ మాట ముందే అంటే ఇద్దరికీ ఇబ్బంది ఉండదు.

ఒకటి గుర్తుంచుకోండి. నేరుగా వచ్చేది ఎల్‌హెచ్‌ఏ వరకే. పై తేడా టెనెంట్ చేతిలోంచే రావాలి. తుంగభద్ర గారూ, మీ పోస్ట్‌కోడ్ కొట్టి రెండు బెడ్రూముల రేటు చూశారా?


తుంగభద్ర — 19 నవంబర్, ఉదయం 8:10

ఇప్పుడే చూశానండీ. నెలకు లెక్కేస్తే 460 దాకా వస్తోంది. అంటే 90 తేడా.


పల్నాటి_పొద్దు — 19 నవంబర్, మధ్యాహ్నం 1:30

నేను లెస్టర్‌లో ఒక సలహా కేంద్రంలో వారానికి ఒక రోజు వాలంటీరుగా కూర్చుంటాను. అక్కడ నాకు ఎప్పుడూ ఉండే పని ఈ లెక్కలే. మీరు చెప్పిన వివరాలతో, 2025-26 రేట్ల ప్రకారం ఒకసారి వేసి చూద్దాం. ఆమె వయసు 25 దాటింది, పెద్దగా దాచిన డబ్బు లేదు, కనీస వేతనం గంటకు 12.21 మీద పని చేస్తోంది అనుకుంటున్నాను.

పాపకు ఏడు, బాబుకు నాలుగు. పదేళ్ళలోపు పిల్లలిద్దరికీ కలిపి ఒకే గది లెక్క. తల్లికో గది. కాబట్టి రెండు బెడ్రూముల రేటు ఆమెకు వర్తిస్తుంది.

నెలకు ఆమెకు లెక్కగట్టే మొత్తం:
ఆమె భాగం 400.14
పిల్లలకు ఒక్కొక్కరికి 292.81 చొప్పున 585.62
ఇంటికి 460
కలిపి 1,445.76

20 గంటల పనికి చేతికొచ్చేది 1,055 దాకా. అందులో మొదటి 411ని ముట్టుకోరు. మిగిలిన 644లో పౌండుకు 55 పెన్నీల చొప్పున కోస్తారు, అంటే 354. అది పోగా యూనివర్సల్ క్రెడిట్ 1,091. చైల్డ్ బెనిఫిట్ వారానికి 43.30, నెలకు 187.

జీతం, క్రెడిట్, చైల్డ్ బెనిఫిట్ కలిపితే నెలకు 2,330 పైన. మీ బాడుగ 550. నాలుగో వంతు కూడా కాదు. ఆ 90 తేడా ఆమె జీతంలోంచి కట్టగలదు. కౌన్సిల్ టాక్స్‌లో కూడా తగ్గింపు దొరకొచ్చు.

ఇప్పుడు మీరు భయపడేది చూద్దాం. రేపు ఆమె ఉద్యోగం పోయిందనుకోండి. జీతం పోతుంది, కానీ కోత కూడా పోతుంది. 1,445 పూర్తిగా వస్తుంది, చైల్డ్ బెనిఫిట్‌తో 1,630 పైన. బెనిఫిట్ క్యాప్, అంటే ఒక కుటుంబానికి వచ్చే బెనిఫిట్ల మొత్తానికి పెట్టిన హద్దు, లండన్ బయట ఏడాదికి 22,020, నెలకు 1,835. ఆమె దాని కిందే ఉంది. ఇబ్బంది పడుతుంది, పిల్లలకు కొన్ని తగ్గుతాయి, కానీ బాడుగ కట్టలేని స్థితికి రాదు.

ఇంకోటి. కొత్తగా అప్లై చేసినవాళ్ళకైతే మొదటి డబ్బు రావడానికి ఐదు వారాలు పడుతుంది. చాలామంది ల్యాండ్‌లార్డులకు మొదటి దెబ్బ అక్కడే తగులుతుంది. ఈమెకు క్రెడిట్ ఇప్పటికే వస్తోంది, ఇల్లు మాత్రమే మారుతోంది, కాబట్టి ఆ ఐదు వారాల బాధ లేదు. ఆమె నెల లెక్క ముగిసే రోజున ఏ ఇంట్లో ఉంటే ఆ ఇంటి బాడుగే నెల మొత్తానికి లెక్కలోకి వస్తుంది. తన నెల ఏ తేదీన ముగుస్తుందో అడిగి, దానికి రెండు మూడు రోజుల ముందు తాళాలిచ్చి, అగ్రిమెంట్ కాపీ వెంటనే ఇవ్వండి.


నల్లమల_నీడ — 19 నవంబర్, సాయంత్రం 6:45

"జీతగాళ్ళనే చూద్దాం" అన్న మాట దగ్గర ఆగిపోయాను. ఆ జీతగాడిని నేనే కాబట్టి రాస్తున్నాను.

2023లో మాంచెస్టర్‌లో ఒక ఫ్లాట్ నాకిచ్చారు. నాకంటే ముందు ఒక కుటుంబం అడిగిందట, వాళ్ళకు బెనిఫిట్ వస్తుందని కాదన్నారట. ఇంటి ఓనరు మన తెలుగాయనే, ఆయనే చెప్పాడు. నాది ఐటీ, స్కిల్డ్ వర్కర్ వీసా, మంచి జీతం. నాలుగో నెలలో ప్రాజెక్టు పోయింది, ఉద్యోగం పోయింది. నాకున్నది 60 రోజులు. ఆలోపు కొత్త స్పాన్సర్ దొరకాలి, లేదంటే దేశం వదలాలి. ప్రభుత్వం నుంచి నాకు ఒక్క పౌండు కూడా రాలేదు. ఆ రెండు నెలల అద్దె స్నేహితుల దగ్గర అప్పు చేసి కట్టాను. స్నేహితులు లేకపోతే ఆయనకు నేనే బాకీ పడేవాణ్ణి.

అందుకే ఎవరి డబ్బు గట్టిది అని అడిగితే నాకు వేరే జవాబు తోస్తుంది.


కాకతీయ_తోరణం — 19 నవంబర్, రాత్రి 8:20

గది నిజమే తమ్మీ. గట్ల ఎన్నడు ఆలోచన చెయ్యలే. కానీ నా పైసలు పోయింది గూడ నిజమే గదా.


ఈస్ట్‌హామ్_వీధి — 19 నవంబర్, రాత్రి 9:05

లండన్ సంగతి కూడా చెప్పండి బాబూ. మాది రెండు బెడ్రూముల ఫ్లాట్, 1,900 అడుగుతున్నాం. ఎల్‌హెచ్‌ఏకీ మేం అడిగేదానికీ తేడా వందల్లో ఉంది. ఇలాంటిచోట ఎలా ఇస్తాం?


పల్నాటి_పొద్దు — 19 నవంబర్, రాత్రి 9:50

అక్కడ లెక్క కుదరకపోవచ్చు, ఉన్నమాట చెప్పాలి కదా. పైగా లండన్లో క్యాప్ ఏడాదికి 25,323, నెలకు 2,110. పనిలేని కుటుంబమైతే 1,900 అద్దె పోగా తినడానికి ఏం మిగులుతుంది? క్రెడిట్ తీసుకునేవాళ్ళు (జంటైతే ఇద్దరూ కలిపి) కనీసం నెలకు 846 (2025-26 లెక్క) సంపాదిస్తుంటే క్యాప్ వర్తించదు, అప్పుడు మళ్ళీ లెక్క వేయాలి. అంటే వచ్చిన ప్రతి కుటుంబానికీ వేరువేరుగా వేసి చూడాల్సిందే. ఆదాయం చాలదు కాబట్టి ఇవ్వలేను అనడం ఒకటి, బెనిఫిట్ వస్తుంది కాబట్టి ఇవ్వను అనడం ఇంకొకటి. రెండోది చెల్లదు.

అలాగే పిల్లల్లేని ఒంటరి మనిషి, 35 ఏళ్ళలోపు అయితే, మామూలుగా షేరింగ్ గది రేటే ఇస్తారు. వన్ బెడ్రూం ఫ్లాట్‌కు అది ఏ మూలకూ రాదు. కాకతీయ గారూ, మీ టెనెంట్ ఒక్కడే అన్నారు. వయసెంత?


కాకతీయ_తోరణం — 19 నవంబర్, రాత్రి 10:00

ఇరవై ఎనిమిదో తొమ్మిదో.


పల్నాటి_పొద్దు — 19 నవంబర్, రాత్రి 10:12

అయితే అతనికి మీ ఇంటి అద్దెలో సగం కూడా వచ్చి ఉండకపోవచ్చు. మొదటి నెల నుంచే తిండి డబ్బులోంచి తీసి కట్టి ఉంటాడు. మూడు నెలలు లాగాడు, తర్వాత చేతకాలేదు. మీకా రోజు ఈ లెక్క వేసి చూపించేవాళ్ళు ఎవరూ లేరు, అతనికీ లేరు. నాకు బాధగా ఉంది, ఇద్దరి గురించీ.


కృష్ణవేణి_కరకట్ట — 20 నవంబర్, ఉదయం 9:15

చట్టం గురించి అడిగారు కాబట్టి నాకు తెలిసింది చెబుతాను. నేను లెటింగ్ ఆఫీసులో పని చేస్తున్నాను.

"నో డీఎస్‌ఎస్" అని ప్రకటనల్లో రాసేవారు. డీఎస్‌ఎస్ అనే బెనిఫిట్ల శాఖే 2001లో పోయింది, మాట మాత్రం మిగిలింది. 2020 జులైలో యార్క్ కౌంటీ కోర్టు అలా గంపగుత్తగా కాదనడం 2010 ఈక్వాలిటీ చట్టానికి విరుద్ధమని చెప్పింది. ఇంటి బెనిఫిట్ తీసుకునేవాళ్ళలో ఆడవాళ్ళు, వైకల్యం ఉన్నవాళ్ళు ఎక్కువ. కాబట్టి ఆ నియమం పరోక్షంగా వాళ్ళ మీద వివక్షే అవుతుంది. కాబట్టి మీ ఏజెంటు అన్నమాట ఈరోజుకే తప్పు.

ఇక రెంటర్స్ రైట్స్ చట్టం పోయిన నెల 27న రాజముద్ర వేయించుకుంది. 2026 మే 1 నుంచి ఇంగ్లండ్‌లో బెనిఫిట్ వస్తుందనో, పిల్లలున్నారనో కాదంటే 7,000 పౌండ్ల వరకు జరిమానా. ఆదాయం చాలుతుందా లేదా చూసుకునే హక్కు మాత్రం మీకు ఉంటుంది. అదే రోజు నుంచి సెక్షన్ 21, అంటే కారణం చెప్పకుండా ఖాళీ చేయించే నోటీసు, ఉండదు. ఆరు నెలల అడ్వాన్సు అడగడం కుదరదు, ఒక నెలదే. బాకీ మీద తప్పకుండా ఖాళీ చేయించే గ్రౌండ్ 8కి ఇప్పటిదాకా రెండు నెలల బాకీ, రెండు వారాల నోటీసు సరిపోయేది. ఇకపై మూడు నెలలు, నాలుగు వారాలు. యూనివర్సల్ క్రెడిట్ రావడం ఆలస్యమై పడిన బాకీ ఆ మూడు నెలల్లోకి లెక్కకు రాదు.

అందుకే గోదారి గారు చెప్పినట్టు రెండో నెలలోనే డైరెక్ట్ పేమెంట్‌కు వెళ్ళాలి. మూడో నెల దాకా ఆగకండి.

మీ మార్ట్‌గేజ్ కాగితాలు, ఇన్సూరెన్సు కూడా ఒకసారి తీసి చదవండి. కొన్ని పాతవాటిలో బెనిఫిట్ టెనెంట్లకు ఇవ్వకూడదని షరతు ఉండేది.


మల్లెపందిరి — 20 నవంబర్, రాత్రి 11:30

రెండు రోజులుగా ఈ మాటలన్నీ చదువుతున్నాను. రాయాలా వద్దా అని ఆగి, ఇప్పుడు పాప పడుకున్నాక రాస్తున్నాను.

నేను 2012లో డిపెండెంట్ వీసా మీద వచ్చాను. 2018లో మాకు ఐఎల్‌ఆర్ (ఇక్కడ శాశ్వతంగా ఉండే అనుమతి) వచ్చింది. 2021లో మావారు పోయారు. పాపకు అప్పుడు ఆరేళ్ళు. నేను స్కూల్ వంటింట్లో పార్ట్‌టైం పని చేసేదాన్ని. ఆ జీతానికి యూనివర్సల్ క్రెడిట్ తోడైంది. అప్లై చేసేటప్పుడు నా చేతులు వణికాయి. ఏదో తప్పు చేస్తున్నట్టు అనిపించింది. మావారు పన్నెండేళ్ళు కట్టిన పన్ను ఇక్కడుందని మా తమ్ముడు ధైర్యం చెప్పాడు.

ఆ మరుసటి ఏడాది మేమున్న ఇల్లు ఓనరు అమ్మేశాడు. ఇల్లు వెతకడం మొదలుపెట్టాను. మన తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో "ఇల్లు ఖాళీ" అని కనిపిస్తే చాలు ఫోన్ చేసేదాన్ని. ఊరేది, ఇంటిపేరేది, పాప ఏం చదువుతోంది అని ఎంతో ఆప్యాయంగా అడిగేవాళ్ళు. క్రెడిట్ మాట చెప్పగానే గొంతు మారిపోయేది. ఒకావిడ ఏడ్చినంత పని చేసి, "నీ పరిస్థితికి ప్రాణం ఉసూరుమంటోందమ్మా, కానీ మావారు ఒప్పుకోరు" అంది. నాకు ఆవిడ మీద కోపం రాలేదు. కానీ ఆ రోజు అన్నం తినలేకపోయాను. పందొమ్మిది ఇళ్ళు అడిగాను. లెక్క ఎందుకు గుర్తుందంటే పాప నా ఫోన్ పక్కన నోట్‌బుక్‌లో గీతలు గీసేది.

ఇరవయ్యోది ఒక పంజాబీ పెద్దాయన ఇల్లు. ఆయన నన్ను రెండే అడిగారు. క్రెడిట్ ఏ తేదీన పడుతుంది, తేడా ఎంత. పన్నెండో తేదీన పడుతుందని చెప్పాను. అయితే అద్దె తేదీ పదమూడు పెట్టుకుందాం అన్నారు. అంతే. అప్పటిదాకా నేను ఉన్న ఇంట్లో అద్దె తేదీ ఒకటి. పన్నెండున వచ్చిన డబ్బును వచ్చే నెల ఒకటి దాకా ఖర్చు కాకుండా కాపాడుకోవాలి. పాపకు బూట్లు చిరిగితే అందులోంచే తీయాలనిపించేది. తేదీ మార్చడంతో సగం భయం పోయింది. పన్నెండున వస్తుంది, పదమూడున స్టాండింగ్ ఆర్డర్ వెళ్ళిపోతుంది.

తేడా 65. జీతం రాగానే ముందు అది తీసి పక్కన పెట్టేస్తాను, తర్వాతే సరుకులు. మూడేళ్ళు దాటింది. ఒక్క నెల తప్పలేదు. ఇంకో ఇల్లు దొరకదని తెలిసినవాళ్ళు ఉన్న ఇంటిని ఎలా చూసుకుంటారో ఎవరూ ఆలోచించరు. నేను ఆ ఇంటి గోడకు మేకు కూడా కొట్టలేదు.

తుంగభద్ర అన్నయ్యా, ఆమె ఫోన్లో ముందే చెప్పిందన్నారు కదా. అలా ముందే చెప్పేయడం నాకు తెలుసు. ఇల్లు చూసి, పిల్లలు ఈ గది నాదంటే నాదని గొడవపడ్డాక కాదనిపించుకుంటే ఎక్కువ నొప్పి.


గోదారి_గట్టు — 21 నవంబర్, ఉదయం 6:50

అమ్మా, మీరు రాసింది మా ఆవిడకు చదివి వినిపించాను. ఇద్దరం కాసేపు ఏమీ మాట్లాడుకోలేదు. పదహారేళ్ళుగా ఈ పని చేస్తున్నాను, అద్దె తేదీని క్రెడిట్ తేదీ పక్కన పెట్టాలని నాకు తట్టలేదు. ఈ నెల నుంచే మార్చేస్తాను.


కాకతీయ_తోరణం — 21 నవంబర్, ఉదయం 8:30

అక్కా, మీ మాట చదివిన సంది మనసు మంచిగ లేదు. గా వాట్సాప్ గ్రూపులల్ల నేను గూడ ఉన్న. "వర్కింగ్ ప్రొఫెషనల్స్ ఓన్లీ" అని పెట్టినోళ్ళల్ల నేనొకణ్ణి.


క్లైడ్_ఒడ్డు — 21 నవంబర్, మధ్యాహ్నం 12:40

గ్లాస్గో నుంచి చిన్నమాట. స్కాట్లాండ్‌లో ఇంకో సౌకర్యం ఉంది. ఇంటి డబ్బు నేరుగా ల్యాండ్‌లార్డ్‌కే పంపమని టెనెంటే ఎంచుకోవచ్చు, బాకీ పడనక్కర్లేదు. నెలకు రెండుసార్లు తీసుకునే వీలూ ఉంది. నా టెనెంట్ అలాగే ఎంచుకున్నారు. చట్టం కూడా ఇక్కడ వేరు, వేల్స్‌లో వేరు. పైన రాసినవి ఇంగ్లండ్‌వి అని గమనించండి.


తుంగభద్ర — 21 నవంబర్, రాత్రి 9:20

అందరికీ దండాలు. మల్లెపందిరి చెల్లెమ్మా, నీ మాటలు మా ఇంట్లో అందరం చదివాం. ఈరోజు ఆమెకు ఫోన్ చేసి ఇల్లు మీకేనని చెప్పాను. ఆ వైపు నుంచి చాలాసేపు మాట రాలేదు. తర్వాత "పిల్లలకు చెప్పొచ్చా" అని అడిగింది.

ఒక సందేహం మిగిలింది. ఐదు వారాల డిపాజిట్ 634 అవుతుంది. ఒకేసారి అంత లేదంటోంది.


పల్నాటి_పొద్దు — 21 నవంబర్, రాత్రి 9:55

చాలా సంతోషం. 2026 మార్చి దాకా కౌన్సిల్లో డిస్క్రెషనరీ హౌసింగ్ పేమెంట్ అనే అదనపు సాయం ఉంది, డిపాజిట్‌కూ మొదటి నెల అద్దెకూ కూడా ఇవ్వొచ్చు. కొన్ని కౌన్సిళ్ళు డబ్బు బదులు బాండు కాగితం ఇస్తాయి. ఆమెనే అడగమనండి, మీరు అగ్రిమెంట్ నకలు, బాడుగ ఎంతో రాసిన ఉత్తరం ఇవ్వండి. కుదరకపోతే మూడు నెలల్లో కొంచెం కొంచెంగా తీసుకోండి. తీసుకున్నది మాత్రం 30 రోజుల్లోపు డిపాజిట్ స్కీములో వేయాలి. గ్యాస్ సర్టిఫికెట్ ఈ ఏడాదిది ఉందా? కరెంటు తనిఖీ ఐదేళ్ళకోసారి, 2021లో చేయించి ఉంటే 2026లో గడువు తీరిపోతుంది, చూసుకోండి.


తుంగభద్ర — 14 జనవరి 2026, సాయంత్రం 5:15

పండగ పూట అందరికీ శుభాకాంక్షలు. ఆమె డిసెంబర్ 6న ఇంట్లో దిగింది. వాళ్ళ నెల 9న ముగుస్తుంది, డబ్బు 16న పడుతుంది. అందుకని బాడుగ తేదీ 17 పెట్టాం. డిసెంబర్ 17న 550 పడింది. కౌన్సిల్ డిపాజిట్లో 400 ఇచ్చింది, మిగతా 234 మార్చిలోపు ఇస్తానంది. నా మార్ట్‌గేజ్ కాగితాల్లో అలాంటి షరతేమీ లేదు. ఏజెంటును మానుకున్నాను, నేనే చూసుకుంటున్నాను. మొన్న వంటింటి కుళాయి కారుతోందని మెసేజ్ పెట్టింది. "తొందరేం లేదండీ, గిన్నె పెట్టాను" అని కింద రాసింది. ఆ మాట చూసి ఆ సాయంత్రమే ప్లంబర్‌ను పంపాను.


కాకతీయ_తోరణం — 14 జనవరి, రాత్రి 8:05

మంచి మాట చెప్పినవ్ అన్నా. నా స్టోక్ ఇల్లు ఫిబ్రవరిల ఖాళీ అయితుంది. ఈసారి యాడ్ల గా మాట తీసేసిన. పల్నాటి మేడం, ఎవరన్న వస్తే వాళ్ళ లెక్క గట్ల వేసి చూసుడు ఎట్లనో నాకు జర నేర్పిస్తరా? గ్యారంటర్‌ను అడగొచ్చునా?


పల్నాటి_పొద్దు — 14 జనవరి, రాత్రి 8:40

తప్పకుండా. ఆన్‌లైన్లో ఉచితంగా లెక్క వేసే కాలిక్యులేటర్లు ఉన్నాయి. టెనెంట్‌ను పక్కన కూర్చోబెట్టుకుని ఆమె లేదా అతని చేతే నింపించండి, పది నిమిషాల పని. గ్యారంటర్‌ను అడగండి, కానీ జీతగాళ్ళను కూడా అడిగేటట్టయితేనే. ముందుగా మీ పోస్ట్‌కోడ్‌కు ఎల్‌హెచ్‌ఏ ఎంతో చూసి ఇక్కడ రాయండి, ఎన్ని బెడ్రూములో కూడా. ఆదివారం కూర్చుని చూద్దాం.